ప్రయోగశాల కుక్కకు ఫిల్మ్ నగర్‌లో ఇల్లు

మందుల పరీక్షలకు జంతువులను వాడటం పాపమని సభల్లో గొంతు చించుకునే పాస్టర్ని నేను. నా మేనకోడలు సునీత అలాంటి ప్రయోగశాలలోనే పన్నెండేళ్లుగా పశువైద్యురాలు. "తిట్టుడు సరే మామా, ఒక్కరోజు నా ఎంబడి రా" అంది. పరీక్షలు ముగిసిన ఒక బీగిల్ జాతి ఆడకుక్కను ఫిల్మ్ నగర్‌లో ఒకరింటికి అప్పగించాలి. సాయంత్రంలోగా అది అక్కడ తిండి ముట్టకపోతే తిరిగి బోనుకే. బైబిలు సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

తొమ్మిదికి కుక్కతో రహమత్ నగర్‌లో ఆటో ఎక్కాం. కిరాయి నూట యాభై. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుని, నలభై నిమిషాలకు చేరాం. "హీరోయిన్ లెక్క ముద్దుగుంది, మొరగదేంది సార్?" అన్నాడు డ్రైవరు. "పుట్టినకాడ్నించి గదులల్లనే ఉంది అన్నా, రోడ్డు కొత్త" అంది సునీత.

ఇంటావిడ రమణమ్మగారు సినిమావాళ్లకు బట్టలు కుడతారు. "రండి అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి" అన్నారు. అలవాటు కొద్దీ గొంతెత్తాను. కుక్క వణుకుతూ మంచం కిందికి దూరింది.

"మామా, గీడ సభ లేదు. జర మెల్లగ!"

సిగ్గుతో ప్రార్థన ఆపేశాను. ఇల్లంతా నిశ్శబ్దం. మధ్యాహ్నం రెండయినా కుక్క కదలలేదు. సునీత ముఖం వాడిపోయింది.

"బెదురుతుందేమోనని పొద్దున్నించి కుట్టుమిషను కూడా ఆపేశానండీ" అన్నారు రమణమ్మగారు.

సునీత చటుక్కున లేచింది. "అయ్యో, అదే తప్పయింది! మా గదులల్ల గాలి మిషన్ల చప్పుడు రాత్రింబగళ్లు ఆగదు. గింత నిశ్శబ్దం ఇది ఎన్నడు ఎరుగదు. మీరు కుట్టుండ్రి!"

మిషను గుర్రుమంది. కాసేపటికి ముక్కు బయటికొచ్చింది, తర్వాత అంకెలు పచ్చబొట్టు పొడిచిన చెవి. కుక్క వెళ్లి రమణమ్మగారి కాళ్ల దగ్గర పడుకుంది. ఆవిడ అరచేతిలో పెట్టిన కుక్కతిండి గింజలు తినేసింది. సునీత గోడవైపు తిరిగి చున్నీతో కళ్లొత్తుకుంది.

"మంచిగైంది గద, ఏడుస్తవేందమ్మా?" అన్నాను.

"సూది గుచ్చినప్పుడల్లా చెవి నిమిరేదాన్ని మామా. ఇగ రేపు పొద్దుగాల బోను ఖాళీగుంటది."

ఆ ప్రయోగాల మీద నా కోపం ఆరలేదు. దేవుని ముందు ఇంకా వాదిస్తాను. కానీ నోరులేని జీవి మీద దయ చూపమని నేను మైకులో అరిచిన ఏళ్లన్నీ, ఈ పిల్ల తలుపులు మూసిన గదిలో ఆ దయను చేతులతో చూపుతూనే ఉంది. వచ్చేటప్పుడు ఆటోలో తన తల నిమిరాను.

ఇలాంటి కుక్కను తెచ్చుకోవాలనుకునేవారికి ఒక్క మాట: అది ఇంతకాలం ఏ చప్పుళ్ల మధ్య బతికిందో ప్రయోగశాల డాక్టరును ముందే అడగండి.