ఖాళీగా ఉన్న లైను

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర హనుమకొండలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరిన కొత్తలో, క్రమం తప్పితే లోకం నిలవదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (నమ్మకం ఇప్పటికీ ఉంది; గొంతు తగ్గింది.) నియమం తప్పనని తోటివాళ్లు నన్ను ‘కాయిదా సారు’ అనేవారు. మా ఎక్స్ఛేంజికీ పక్క తాలూకా ఎక్స్ఛేంజికీ నడుమ ఒకే లైను. అటు నుంచి వచ్చే కాల్స్ ఎక్కువ, ఇటు నుంచి పోయేవి తక్కువ. ఇది అన్యాయమని నేనొక నియమం పెట్టాను: అటు నుంచి ఒకటి వస్తే, ఇటు నుంచి ఒకటి పోయేదాకా వాళ్లు ఆగాలి. అవతలి ఆపరేటరు, నేనెన్నడూ చూడని ఒక అక్క, నచ్చజెప్పబోయింది. “మనిద్దరం గిట్ల పట్టువడితే నడుమ జనం ఏంగావాలె తమ్మీ?” “వంతు వంతే అక్కా,” అన్నాను. ఆమె తన కాల్స్‌ను హైదరాబాదు మీదుగా తిప్పసాగింది. నిమిషాల్లో కలవవలసినవి గంటలు పట్టేవి.

ఆ వారమే ఆ పక్క తాలూకా ఊళ్లో మా చెల్లెకు రెండో కాన్పు. మొదటిసారి ప్రాణం మీదికి వచ్చింది గనుక అమ్మకు భయం. బావ ఫోన్ చేస్తానన్నాడని పొద్దున్నే వచ్చి మా ఎక్స్ఛేంజి వరండాలో కూర్చుంది. పదింటికి అక్క పిలిచింది.

“తమ్మీ, ఒక్క అర్జెంటు కాల్...”

“ఇటు నుంచి ఒకటి పోవాలె గదక్కా.”

“ఎవ్వలకని గూడ అడుగవా?”

“ఎవ్వలకైతేంది? కాయిదా కాయిదే.”

ఆ పూట మా వైపు నుంచి ఎవరూ కాల్ అడగలేదు. నేను ఖాళీ లైనుకు కాపలా కూర్చున్నాను.

“జర చూడు బిడ్డా, ఫోన్ వచ్చిందా?” అంది అమ్మ.

“లైను ఖాళీగనే ఉన్నదమ్మా. రాలే.”

“ఖాళీగుంటే రావాలె గద?”



ఒంటిగంటకు ఆ ఊరి బస్సు కండక్టరు వరండా మెట్లెక్కాడు. “ఆడపిల్ల పుట్టిందమ్మా. ఇద్దరు మంచిగున్నరు. మీ అల్లుడు పొద్దటిసంది ఫోన్ కాడ నిలవడి నిలవడి, ఆఖరికి నాతోని చెప్పి పంపిండు.” అమ్మ కళ్లు తుడుచుకుని నా వంక చూసింది. “నీ ఫోన్ కంటె బస్సు నయం గదరా.”

బావ కాల్ హైదరాబాదు తిరిగి మూడింటికి వచ్చింది. వెనకే అక్క గొంతు: “పిల్ల మాత్రం వంతు చూడకుంట పుట్టింది తమ్మీ.” ఆ సాయంత్రమే నియమం ఎత్తేశాను.

ఆ పిల్లకు ఇప్పుడు మడికొండలో ఇంటర్నెట్ ఉద్యోగం. (పాత సంగతి ఆమెకు చెప్పకుండానే అమ్మ కన్నుమూసింది.) మొన్న వీడియోలో మాట్లాడుతుంటే ఆమె బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది. తిరిగి కదిలాక అంది: “రెండు నెట్ కంపెనీలకు పడ్తలేదు మామా. మీరెక్కువ పంపుతాన్రంటె మీరెక్కువని పంచాయితి. పక్కన్నే లింకు ఉండంగ డాటా ఊర్లన్ని తిరిగొస్తాంది. గసొంటి మొండోళ్లు యాడన్న ఉంటరా?”

“ఉంటరు బిడ్డా,” అన్నాను. పేరు చెప్పలేదు.