ఎర్ర బండి బాలసుబ్బయ్య

రాజంపేట పక్క పల్లెలో ఉన్నన్నాళ్ళూ బాలసుబ్బయ్య ఎవర్నీ చూసి కుళ్ళుకున్నవాడు కాదు. కుళ్ళుకోవడానికి అక్కడ ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆ జబ్బు ఆయనకు కువైట్‌లో, కబ్ద్ ఎడారిలో, ఒక కారు మూలంగా అంటుకుంది.

అబూ నాసిర్, అబూ తలాల్ అని ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు. కబ్ద్‌లో ఇద్దరికీ పక్కపక్కనే తోటలు. గొర్రెలు, నాలుగు ఒంటెలు, ఖర్జూరం చెట్లు. ఇటలీలో ఏదో చిన్న కంపెనీ కొద్దిపాటి పందెం కార్లు చేసి, చేతులు కాల్చుకుని మూతబడింది. ఆ కార్లలో రెండు వీళ్ళు తెప్పించుకున్నారు. అబూ నాసిర్‌ది ఎరుపు, అబూ తలాల్‌ది తెలుపు. దేశం మొత్తంలో ఆ రకం బండ్లు ఆ రెండే. ఎర్రదాన్ని చూసుకునేది బాలసుబ్బయ్య. తెల్లదాన్ని చూసుకునేది అమలాపురం వైపు నుంచి వచ్చిన వెంకటసత్యనారాయణ. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక అందరికీ సత్యం అయ్యాడు.

ఒకే కంపెనీ, ఒకే అచ్చు, ఒకే ఏడు పుట్టిన బండ్లు. అయినా తెల్లది తాళం తిప్పితే పెళ్ళికూతురు తలెత్తినట్టు మెల్లగా, ముద్దుగా లేచేది. ఎర్రది దగ్గేది, తుమ్మేది, పెట్రోలు కంపు కొట్టి ఊరుకునేది. సాయంత్రం అబూ నాసిర్ షికారుకు బయల్దేరితే సగం రోజులు దారిలోనే ఆగిపోయేది. యజమానీ నౌకరూ ఇసుకలో చాప పరుచుకుని, ఇంజను చల్లారేదాకా పుచ్చగింజలు కొరుక్కుంటూ కూర్చునేవాళ్ళు. ఆ పక్కనుంచే తెల్లది రివ్వుమని పోయేది. సత్యం మర్యాదగా చెయ్యి ఊపేవాడు. ఆ ఊపడం చూస్తే బాలసుబ్బయ్యకు కడుపులో ఎండుమిరపకాయ పొగబెట్టినట్టుండేది.

శుక్రవారాలు యజమానుల స్నేహితులు తోటకు వచ్చి కూర్చునేవాళ్ళు. అట్లాంటి కార్లున్న వాళ్ళందరికీ రెండే మాటలు: ఇప్పుడమ్మితే ఎంతొస్తుంది, ఇప్పటికి ఎన్నిసార్లు ఆగింది. మొదటిదాంట్లో ఎక్కువ చెప్పేవాళ్ళు, రెండోదాంట్లో తక్కువ చెప్పేవాళ్ళు. అబూ నాసిర్ కూడా "ఎప్పుడో ఒకసారి" అనేవాడు. గావా, అదే అరబ్బీ కాఫీ, పోస్తున్న బాలసుబ్బయ్య తలొంచుకునేవాడు.

ఒకసారి దుబాయ్ నుంచి ఒక పెద్దమనిషి రెండు బండ్లూ చూడ్డానికి వచ్చాడు. తెల్లదాన్ని అమ్మమని అబూ తలాల్‌ను బతిమలాడాడు. ఎర్రదాని మూత ఎత్తి చాలాసేపు చూసి, "సరుకు మంచిదే. కానీ ఇది ఎవరి చేతిలో పెరిగింది?" అన్నాడు. అందరూ బాలసుబ్బయ్య వైపు చూశారు.

ఆరోజు వంటామె రహమత్ బీ పెట్టిన అన్నం ఆయన ముట్టలేదు. ఆమెది రాయచోటి. ఆ తోటలో ఆయన్ను కోప్పడే హక్కు ఆమె ఒక్కదానికే ఉండేది.

"బండి చెడిపోతే నువ్వెందుకు పస్తుండేది?"

"బండిని అన్లేదు రహమత్ బీ, నన్నన్యాడు. బండి ఒకటే, తోలేటోడే తేడా అని మొగంమీద చెప్పినాడు."

"సత్యాన్నే అడగరాదా, ఏం చేస్తాండాడో?"

"వాన్ని అడిగేదా? దానికన్నా నడిచి కడపకు పోతా."

అడిగుంటే సత్యం చెప్పేవాడే. దాచుకునేంత రహస్యం కాదది. తెల్లవారగానే చల్లగాలికి ఇంజను కాసేపు తిప్పేవాడు. ఎండెక్కితే ఈతాకుల పందిరి కిందికి తోసి, చుట్టూ తడి గోనెసంచులు వేలాడదీసేవాడు. బాలసుబ్బయ్య అవన్నీ గోడమీంచి చూస్తూనే ఉన్నాడు. కానీ వాడు చేసింది తాను చేస్తే ఒప్పుకున్నట్టవుతుందని ఎర్రదాన్ని రేకుల షెడ్డులోనే మగ్గబెట్టాడు.

అట్లా ఉండగా తొంభయ్యో సంవత్సరం ఆగస్టు వచ్చింది. నౌకర్లు బాబా అని పిలిచే యజమానులిద్దరూ ఎప్పట్లాగే వేసవికి లండన్ పోయి ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే సిటీ వైపు నుంచి పిడుగుల మోత వినిపించింది. ఎండాకాలంలో పిడుగులేంటని బయటికొచ్చేసరికి రోడ్డు నిండా ఇరాక్ ట్యాంకులు. మధ్యాహ్నానికి రేడియో మూగబోయింది. కువైట్ ఇంక లేదన్నారు.

తర్వాత అందరికీ ఒకటే మాట, పోదాం. సిటీలో హవల్లీ పేట నుంచి మనవాళ్ళు గుంపులుగా బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతున్నారని, అక్కణ్ణుంచి బొంబాయికి విమానాలని తెలిసింది. రహమత్ బీ మూట కట్టుకుంది.

"రా సుబ్బన్నా, బస్సుండాది. పానం ఉంటే సాలు."

బాలసుబ్బయ్య గోడమీంచి పక్క తోటలోకి చూశాడు. సత్యం పందిరికి నీళ్ళు చల్లుతున్నాడు.

"వాడు పోతాండాడా?"

"వాడు గొర్రెల్ని ఇడిసిపెట్టి పోలేనన్యాడు."

"అయితే నేనూ పోను."

"పిచ్చా నీకు? ఆ కారుకేమన్నా తాళి కట్టినావా?"

"నేను పోయి వాడుండాడనుకో. రేపు బాబా వాళ్ళు వస్తే ఏమంటారు? తెల్లదానోడు కాపలా కాసినాడు, ఎర్రదానోడు పారిపోయినాడు అంటారు. ఆ మాట పడేదానికన్నా ఈడ్నే సస్తా."

రహమత్ బీ నెత్తి కొట్టుకుని బస్సెక్కింది. తర్వాత చాలాకాలం ఆమె రాయచోటిలో అందరికీ చెప్పేది: యుద్ధంలో ఎవరెవరో దేశం కోసం నిలబడ్డారంట, మా సుబ్బన్న మాత్రం పక్కింటి డ్రైవరు కోసం నిలబడినాడని.

రెండు తోటల్లో ఇద్దరే మిగిలారు. సిటీలో ఇరాక్ సిపాయిలు ఇళ్ళలోంచి కార్లు, ఫ్రిజ్జులు, చివరికి బడి బెంచీలు కూడా లారీలకెక్కించి తీసుకుపోతున్నారని కబురు. ఒకరోజు సత్యం గోడ దగ్గరికి వచ్చాడు.

"సుబ్బయ్యగోరూ, ఒక మాట చెప్తానండి, ఏవనుకోకండి. డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే చిన్న ముక్కుంటాది సూడండి, అది పీకేసి దాచెయ్యండి. అది లేపోతే బండి ఎవడొచ్చినా కదల్దు. నాది పీకేశానండి."

మంచి సలహా. అది మంచి సలహా కావడమే బాలసుబ్బయ్యకు మింగుడు పడలేదు. సంవత్సరాల తరబడి కదలని బండిని కదలకుండా చెయ్యడం ఎట్లాగో వీడు నేర్పుతాడా?

"నా బండికి అట్లాంటి ఏర్పాట్లు అక్కర్లేదులే. అది నా మాటే ఇనదు, ఇంక వాళ్ళ మాట ఇంటాదా?"

"ఆయ్, మీ ఇష్టమండి" అని సత్యం వెళ్ళిపోయాడు.

చలి మొదలయ్యాక ఒక తెల్లవారుజామున జీపు వచ్చి ఆగింది. ఒక పొట్టి హవల్దారు, వెనక ఇద్దరు సిపాయిలు. ముందు సత్యం తోటలోకి పోయారు. తెల్లదాన్ని తిప్పారు, తోశారు, తన్నారు. ఉలుకూ పలుకూ లేదు. "ఖర్బాన్, ఖర్బాన్" అని, చెడిపోయిందని, సత్యం మొత్తుకోవడం వినిపించింది. అక్కణ్ణుంచి ఇటొచ్చారు.

"ఇది నడుస్తుందా?" అన్నాడు హవల్దారు.

"లేదు సార్. ఖర్బాన్. పుట్టినప్పట్నుంచీ అంతే" అన్నాడు బాలసుబ్బయ్య. జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

సిపాయి లోపల కూర్చుని తాళం తిప్పాడు.

రాత్రంతా మంచులో చల్లారిన ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. దగ్గలేదు, తుమ్మలేదు. రేకుల షెడ్డు అదిరిపోయేట్టు పులిలా గుర్రుమంది. హవల్దారు వెనక్కి తిరిగి, అబద్ధాలకోరా అని బాలసుబ్బయ్య చెంప పగలగొట్టాడు. చెంప మండుతోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ సమయంలో కూడా బాలసుబ్బయ్య తల గోడవైపే తిరిగింది, సత్యానికి ఈ చప్పుడు వినిపించిందా లేదా అని.

ఎర్రది గేటు దాటి, రోడ్డెక్కి, ఇరాక్‌లోని బస్రా వైపు పోయింది. దారి పొడవునా ఎక్కడా ఆగినట్టు లేదు.

సత్యం ఖుబూస్ రొట్టెలు, పప్పు పట్టుకొచ్చి ముందు పెట్టాడు. నేను చెప్పాను కదా అనలేదు. అని ఉంటే బాగుండేది, బాలసుబ్బయ్యకు తిట్టడానికి ఒక దారి దొరికేది. బండీ పోయింది, తిట్టే దారీ పోయింది. పందిరికింద తెల్లది మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఎండ పడినప్పుడల్లా అది మెరుస్తుంటే ఆయన కళ్ళు మూసుకునేవాడు.

వారం తిరక్కుండా అదే హవల్దారు మళ్ళీ వచ్చాడు. ఈసారి నేరుగా బాలసుబ్బయ్య దగ్గరికే.

"నీదీ చెడిపోయిందన్నావు, నడిచింది. పక్కదీ అదే బండి. అదీ అబద్ధమేనా? వాడేం చేశాడో చెప్పు. చెప్తే నిన్నేమీ అనం."

చెప్పాలంటే ఒక్క మాట చాలు. ముక్క పీకేశాడు సార్, ఎక్కడో దాచాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే తెల్లదీ పోతుంది. ఇద్దరూ సమానమవుతారు. కానీ ఆ ముక్క బయటపడిన మరుక్షణం సత్యం వీపు చీలుస్తారు, కాల్చినా కాలుస్తారు. బాలసుబ్బయ్య నోరు తెరిచాడు. అన్నేళ్ళుగా లోపల కుళ్ళిందంతా ఒక్కసారిగా వేరే దారిన బయటికొచ్చింది.

"ఆ బండా సార్? నా బండి కాలిగోటికి సరిపోదు అది! వానికి తుడిసి మెరిపించేదొక్కటే తెలుసు. లోపలంతా పుచ్చు. నా బండి ఒక్క తిప్పుకు లేసింది, మీరే సూసినారు గదా? అయినా అందరూ దాన్నే పొగుడ్తారు. దాన్నే కొంటామంటారు. ఎవురికీ కండ్లు ల్యావు సార్, ఎవురికీ ల్యావు!"

చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు. నోటికొచ్చిన అరబ్బీ సగం, తెలుగు సగం. హవల్దారు కాసేపు చూసి, పగలబడి నవ్వాడు. సవతుల పోరులాగుందే అని సిపాయిలతో అని జీపెక్కాడు. అంత అక్కసును ఎవరూ అబద్ధమనుకోరు. మళ్ళీ ఆ తోటలకు రాలేదు.

గొర్రెల దొడ్డి వెనక నక్కి సత్యం అంతా విన్నాడు. వాళ్ళు పోయాక బయటికొచ్చాడు.

"బతికించారండీ. కానీ సుబ్బయ్యగోరూ, అంత కసిగా ఎలా అనగలిగారండీ?"

"నటన కాదులే. నిజంగానే అన్యా. నిన్ను సూస్తే నాకు పడదు."

సత్యం ఇసుకలో కూర్చున్నాడు. "నాకూ మీరంటే పడదండి" అన్నాడు.

బాలసుబ్బయ్య తెల్లబోయాడు. "నేనా? నాకేముందబ్బీ?"

"మీ బాబా మీతో కూకుంటాడు కదండీ. బండి ఆగినప్పుడల్లా చాపేసుకుని కబుర్లాడుకునేవోరు. మీ పిల్లల పేర్లు కూడా తెలుసు ఆయనకి. మా బాబా ఎక్కుతాడు, దిగుతాడు. ఆరేళ్ళయిందండి, నా పేరేంటో అడగలేదు. బండి ఒక్కసారైనా ఆగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో."

బాలసుబ్బయ్యకు అప్పటికి జాలే కలిగింది. కానీ రాత్రి పడుకున్నాక, పేరు అడగకపోతేనేం, బండి ఉంది కదా వాడికి, అని మళ్ళీ మొదలైంది. ఇద్దరూ ఆ చలికాలమంతా ఒకే పొయ్యిమీద వండుకున్నారు, గొర్రెల్ని ఒక్క మందగా మేపారు. అసూయ మాత్రం ఎవరిది వారి దగ్గరే ఉంచుకున్నారు.

జనవరిలో యుద్ధం వచ్చి, ఫిబ్రవరి చివరికి పోయింది. ఇరాక్ వాళ్ళు పోతూ పోతూ చమురు బావులు తగలబెడితే పగలే చీకటి కమ్మింది. గొర్రెలన్నీ నల్లబడ్డాయి. వేసవి ముందు యజమానులు తిరిగొచ్చారు. అబూ తలాల్ తెల్లదాన్ని చూసి దాని బానెట్‌ను ముద్దుపెట్టుకున్నాడు. సత్యం బియ్యం డబ్బాలోంచి ముక్క తీసి బిగించాడు. అబూ నాసిర్ ఖాళీ షెడ్డు చూసి, ముందు బాలసుబ్బయ్యను దగ్గరికి తీసుకుని, "నువ్వున్నావు, చాలు" అన్నాడు. ఆ మాటతో కడుపు నిండాల్సింది. పక్క తోటలో తాళం తిప్పిన చప్పుడు వినిపించి, నిండలేదు.

దుబాయ్ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. రెండింట్లో ఒకటి పోయిందంటే మిగిలినదాని విలువ ఎక్కడికో పోయింది. బేరమాడకుండా కొన్నాడు. "బండితోపాటు దీన్ని కాపాడిన మనిషి కూడా కావాలి" అన్నాడు. అప్పుడు అబూ తలాల్ సత్యం వైపు తిరిగి, "నీ పేరేంటి?" అని అడిగాడు.

అబూ నాసిర్ ఇంక కొత్త పందెం కారు కొనలేదు. కానీ శుక్రవారం కూటంలో పోయినదాన్ని తలుచుకోవడం మొదలుపెట్టాడు. నెలలు గడిచేకొద్దీ ఆ బండి బాగుపడుతూ వచ్చింది. మొదట "అప్పుడప్పుడూ ఆగేది" అన్నాడు, తర్వాత "ఒక్కసారి ఆగింది" అన్నాడు, చివరికి "ఏనాడూ ఆగలేదు. అడుగు, సుబ్బయ్యనడుగు" అనేవాడు. బాలసుబ్బయ్య గావా పోస్తూ "ఏనాడూ ఆగలేదు బాబా" అనేవాడు. గట్టిగా, అందరికీ వినబడేట్టు.

గొర్రెలు తోలే పికప్ బండి ఆయన చేతికొచ్చింది. అది నమ్మకమైన బండి. దాన్ని గురించి ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

కొన్నేళ్ళ తర్వాత మంగఫ్‌లో ఒక టీ కొట్టు దగ్గర మణి అనే కోనసీమ మనిషి కలిశాడు. మాటల్లో సత్యం సంగతి వచ్చింది. దుబాయ్‌లో పెద్ద షెడ్డు నిండా అట్లాంటి బండ్లంట, అన్నీ ఆయన చేతికిందేనంట, యజమాని పేరు పెట్టి పిలుస్తాడంట.

"ఒక్కటన్నా మొరాయిస్తాదా?" అనడిగాడు బాలసుబ్బయ్య.

"అబ్బే, ఆయన చేతిలో పడితే ఏదీ ఆగదంటండి."

బాలసుబ్బయ్య టీ సగంలోనే పెట్టేసి లేచాడు. ఆ సాయంత్రం గొర్రెల పికప్‌ను రెండుసార్లు కడిగాడు.