సామి రూములో చిక్కుకున్న పుస్తకాలు

మా వాళ్ళకు తెలుగంటే ప్రాణం. ఈ మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది తమిళనాడులో, కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం పోయే రోడ్డులో కారమడై దాటాక వచ్చే ఒక చిన్న ఊరు. మా వీధంతా తెలుగిళ్ళే. ఎన్ని తరాల కిందట వచ్చామో ఎవరికీ సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో తమిళమో ఇంగ్లీషో. నోటికి వచ్చిన తెలుగు కంటికి రాదు. నాకు వచ్చిందంటే అది మా నాయన చలవ. వక్కల మండీ నుంచి సాయంత్రం వచ్చి, నన్ను ఊరి లైబ్రరీకి తీసుకెళ్ళి, గోడవారగా ఉన్న ఒకే ఒక్క తెలుగు బీరువా ముందు కూర్చోబెట్టి, పుస్తకాల అట్టలు చూపించి అక్షరాలు నేర్పాడు. ఆయన పోయాక కూడా ప్రతి శనివారం అక్కడికే పోయేదాన్ని. ఊళ్ళో నాకు తెలుగు అక్షరం కనబడే చోటు అదొక్కటే.

ఆ లైబ్రరీ ఊరికి చాలా చేస్తుంది, కాదనను. ముసలివాళ్ళకు పేపర్లు, సర్కారు పరీక్షలు రాసేవాళ్ళకు గైడ్లు, సెలవుల్లో పిల్లలకు కథలు. పోయిన ఏడాదికి ముందు ఏడాది, పరీక్షలకు చదివేవాళ్ళు చోటు చాలక మెట్ల మీద కూర్చోవలసి వచ్చేసరికి లైబ్రేరియనమ్మ కళ్ళు తెలుగు బీరువా మీద పడ్డాయి. "మీరు తప్ప దీన్ని తెరిచే దిక్కు లేదు. దీపావళిలోగా ఇంకో నలుగురు పుస్తకాలు తీసుకెళ్ళి, చదివి, తిరిగి తెస్తే ఉంచుతాను. లేకపోతే కోయంబత్తూరుకు పంపేస్తాను" అని తమిళంలో ముఖం మీదే చెప్పింది. న్యాయమైన మాట. అందుకే మరీ మండింది.

నవరాత్రులకు ముందు ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. మా వాళ్ళు లేచారు చూడండి! గుంపుగా లైబ్రరీ మీదికి పోయి, మా భాషను తీసేస్తారా అని గొంతు చించుకున్నారు. అరిచింది కూడా తమిళంలోనే. ఆ తర్వాత తలా ఒక పుస్తకం తీసుకున్నారు. లావుగా ఉన్నదాని కోసం పోట్లాట. అన్నిటికంటే లావైనదాన్ని మా ఎదురింటామె చంకన పెట్టుకుని ఊరేగింపుగా ఇంటికి పోయింది. బీరువా నిలిచిందని ఆ పూట నేను పాయసం కూడా చేశాను.

దీపావళి దగ్గరపడింది. ఒక్క పుస్తకమూ తిరిగి రాలేదు. ఎదురింటికి పోయి అడిగాను. ఆమె నన్ను సామి రూములోకి, అదే దేవుడి గదిలోకి తీసుకెళ్ళింది. పుస్తకం అట్ట మీద పసుపు, కుంకుమ బొట్లు, పైన చామంతులు.

"సరస్వతి పూసైకి పెట్టినాం అక్కా. మరునాడు తీసి ఒక వరసైనా చదివినాకనే కదా ఎత్తాల? ఇంట్లో చదివేవాళ్ళు ఎవురుండారు? ఎత్తకుండా అట్లే ఉండాది."

పూజకు పెట్టిన పుస్తకాన్ని విజయదశమినాడు చదివి గానీ కదపరాదు. మా వీధిలో ఆ ఆచారం తప్పినవాళ్ళు లేరు. అక్షరం రాకపోయినా ఆచారం మాత్రం గట్టిగా వచ్చు! వీధి పొడుగునా ఇదే కథ. మొక్కుతారు, ధూపం వేస్తారు, తెరవరు.

చెప్పులు విప్పడం, లోపలికి పోవడం, పుస్తకం తెరిచి ఒక వాక్యం పైకి చదవడం, చంకన పెట్టుకుని బయటపడడం. ఇంటింటా ఇదీ ఆ రోజు నా పని. ఎదురింటి పుస్తకంలో కంటబడిన వాక్యం ఇది: "నీళ్ళకు పోయిన మనిషి ఇంకా రాలేదేమని ఆమె వాకిట్లోకి వచ్చి చూసింది."

ఎదురింటామె ముఖం వాడిపోయింది. "ఇదేంది, మనం మాట్లాడేదే కదక్కా! దీనికా నేను దినామూ పూలు పెట్టింది?"

ఆమెకు మంత్రం కావాలి. అందరికీ మంత్రమే కావాలి. ఇంట్లో రోజూ మాట్లాడే మాటే అచ్చులో ఉంటే ఎవరికీ అక్కర్లేదు. అసహ్యం వేసింది నాకు.

పుస్తకాలు సంచిలో వేసుకుని పోయి లైబ్రేరియనమ్మ ముందు పెట్టాను. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసింది. నూనె మరకలు, అట్టలకు అంటిన కుంకుమ, పేజీల్లోకి దిగిన పసుపునీళ్ళు. "చదివితే ఇట్లా అవుతాయా అమ్మా?" అంది. మిగిలినవి కోయంబత్తూరుకు పోయాయి. పాడైనవి నన్నే ఉంచుకోమంది. మా నాయన నన్ను కూర్చోబెట్టిన చోట ఇప్పుడు పరీక్షల గైడ్లున్నాయి. వీధిలో ఒక్కరూ నోరెత్తలేదు.

పోయిన ఏడాది సరస్వతి పూజనాడు ఎదురింటామె తలుపు తట్టింది. "అక్కా, పూసైకి ఒక తెలుగు పుస్తకం ఇస్తావా?"

"దండం పెట్టడానికైతే నా దగ్గర పుస్తకం లేదు. పంచాంగం పెట్టుకో పో" అన్నాను. తలుపు వేయబోయాను.

ఆమె కదల్లేదు. "ఆ నీళ్ళకు పోయినామె వచ్చెనా అక్కా? వాకిట్లోకి వచ్చి చూసింది అని చదివితివే. ఒక సంవత్సరంగా అడగాలని ఉండాది. నీ కోవం చూసి అడగలేదు."

వేయబోయిన తలుపు మళ్ళీ తీశాను. నాకు జవాబు తెలుసు, ఆ పుస్తకం ఎన్నిసార్లు చదివానో. చెప్పలేదు.

"రేపు విజయదశమి. పలక తీసుకుని రా" అన్నాను.

వచ్చింది. ఇప్పటికీ గుణింతాల దగ్గరే కొట్టుకుంటోంది. బలపం విరిచినప్పుడల్లా తిడుతున్నాను. పాఠం అయ్యాక పోతూ పోతూ వచ్చెనా అక్కా అని మళ్ళీ అడుగుతుంది. నేను మాత్రం చచ్చినా చెప్పను.