ఆ బ్యాడ్జీ ఎవరు పెట్టుకున్నారు?

మా ఓనర్ ఆంటీ పోయారు. మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో మీటింగు జరుగుతుండగా వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. "మమ్మీ ఇందాకే వెళ్ళిపోయింది. నిద్రలోనే." ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. ఎవరో ఏదో అడిగితే జవాబు కూడా చెప్పాను, ఏం చెప్పానో తెలియదు. బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాక గానీ ఏడుపు రాలేదు. వెల్లింగ్టన్ గాలిలో ఏడవడానికి ఒక సౌకర్యం ఉంది. అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి కాబట్టి ఎవరూ ఆగి అడగరు.

ఓనర్ ఆంటీ అంటే, నేను గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చినప్పుడు వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో అద్దెకు దిగిన ఇంటావిడ. కింద గది నాకిచ్చి పైన ఆవిడ ఉండేవారు. సికింద్రాబాద్ నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే రిటైరయ్యారు. అంకుల్ అప్పటికే లేరు. ఒక్కతే కూతురు, క్రైస్ట్‌చర్చ్‌లో ఆసుపత్రి ఉద్యోగం. నాకు పెళ్ళయి వేరే ఇంటికి మారాక కూడా ఆవిడ నాకు ఓనర్ ఆంటీయే. "కిరాయి కడ్తలేవు గదా, ఇంక ఓనరేంది?" అని వెక్కిరించేవారు. ఇంకోలా పిలవడం నాకు చివరిదాకా చేతకాలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే హాల్లో ఒక గోడంతా నీలం రగ్గు వేలాడుతూ ఉండేది. దాని నిండా బ్యాడ్జీలు. కొన్ని రూపాయి బిళ్ళంత, కొన్ని అరచెయ్యంత. అమెరికాలో నల్లవాళ్ళకు ఓటు కావాలని ఊరేగినవాళ్ళవి, అణు ఓడలు మా రేవుకు రావద్దన్నవాళ్ళవి, మా భూమి మాకివ్వండని నడిచిన ఇక్కడి మూలవాసులు మావోరీలవి, నల్లవాళ్ళను అణచిపెట్టిన దక్షిణాఫ్రికా నుంచి రగ్బీ జట్టు వస్తుంటే వద్దని వీధుల్లో కూర్చున్నవాళ్ళవి. మొదటిరోజు చూసి, ఈవిడ కుట్టుపని చేస్తారు కాబోలు, ఇవన్నీ గుండీలు కాబోలు అనుకున్నాను. ఆ మాట నా పెళ్ళిలో కూడా అందరికీ చెప్పి నవ్వించారు.

ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ పని సంతలు తిరగడం. దారిలో ఎవరైనా ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతూ గరాజ్ సేల్ బోర్డు పెడితే కారు ఆగాల్సిందే. బ్యాడ్జీ కనబడితే ముందు ధర అడిగేవారు కాదు. "ఇది ఎవరు పెట్టుకున్నారు?" అనేవారు. మా నాన్నదనో, మా అత్తదనో, కాలేజీలో నాదేననో చెప్పి, ఎక్కడ నడిచారో, ఏం జరిగిందో చెబితేనే కొనేవారు. కొన్నది అక్కడికక్కడే కోటుకు తగిలించుకుని ఇంటిదాకా అలాగే వచ్చేవారు. తెలియదంటే మాత్రం ఎంత అపురూపమైనదైనా వదిలేసేవారు. ఒకసారి, నల్ల చెయ్యీ తెల్ల చెయ్యీ పట్టుకున్న బొమ్మతో అమెరికా బ్యాడ్జీ ఒకటి కనబడింది. పాత సామాన్ల పెట్టెలో వచ్చింది, ఎవరిదో తెలియదన్నాడు అమ్మేవాడు. ఆంటీ దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని తిరిగి పెట్టేశారు.

"ఆంటీ, ఇలాంటిది మళ్ళీ దొరకదండీ," అన్నాను.

"దొరకకపోతే పాయె. ఎవరి గుండె మీద ఉన్నదో తెల్వకపోతే అది సోడా మూతనే బిడ్డా," అని ముందుకు నడిచారు.

మొదటి బ్యాడ్జీ కథ నాకు కంఠతా వచ్చు. రగ్బీ గొడవల ఏడు, ఒక శనివారం మధ్యాహ్నం ఆంటీ ఎమర్జెన్సీలో డ్యూటీలో ఉన్నారు. ఊరేగింపు తోపులాటలో జబ్బ ఎముక విరిగిన ఒక టీచరమ్మను తెచ్చారు. స్వెట్టరు కత్తిరించబోతే ఆమె బ్యాడ్జీని వదలదు. ఆంటీ మెల్లగా పిన్ను విప్పి, దాచిపెడతాను లెమ్మన్నారట. దాచకు, పెట్టుకో అందట ఆమె. డ్యూటీ దిగాక ఆంటీ దాన్ని కోటుకు పెట్టుకుని బస్సెక్కారు.

"ఎదురుంగ కూసున్నాయన నన్ను జూసి లేచి ఎనకకు పోయిండు. ఎనకున్న ముసలామె లేచొచ్చి నా పక్కన కూసున్నది. ఒక్క బస్సుల రెండూ జూసిన. అప్పటిదాంక ఈ దేశంల నన్నెవ్వరు సూడనే లేదు బిడ్డా," అనేవారు.

అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు, ఒకరోజు ఆంటీ ఇంటికి తీసుకెళ్ళాను. ఆంటీ, నేనూ సందు చివరి డెయిరీ కొట్టుకు వెళ్ళి పాలు తెచ్చేలోగా మా అమ్మ ఊరుకోలేదు. అంత మంచి మనిషి ఇంట్లో తుప్పు పట్టిన సామానేమిటని, రగ్గు మీది నుంచి కొన్ని తీసి, పూజ సామాను తోమినట్టు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేసింది. మేమొచ్చేసరికి సింకు పక్కన అవి తెల్లగా మెరుస్తున్నాయి. ఒకదాని మీద ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. ఆంటీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తరవాత పెద్దగా నవ్వారు.

"వదినా, వాళ్ళు ఏండ్లకేండ్లు కొట్లాడింది నువ్వు ఒక్క గంటల కడిగేసినవ్," అని, ఆ ఉత్త రేకును మా అమ్మ పైటకే తగిలించారు. టీ తాగినంతసేపూ అది పెట్టుకున్న ముసలాయన కథంతా చెప్పారు. మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో ఆ ముసలాయన్ని తలుచుకుంటుంది.

ఆవిడతో నాకున్న పేచీ ఒక్కటే. ఆ కథలు ఎక్కడా రాసి లేవు. అన్నీ ఆవిడ తలలోనే. ఫోన్లో రికార్డు చేస్తానని ఎన్నిసార్లు బతిమాలానో. ఆవిడ వెళ్ళిపోతే గోడ మీది మనుషులందరూ వెళ్ళిపోతారని భయం నాకు. ఆ మాట పైకి అనలేక, మీకు మతిమరుపు వస్తే ఎలా అన్నాను ఒకసారి. ఆంటీ టీలో బిస్కెట్ ముంచుకుంటూ నా వంక చూశారు.

"అన్ని రాసిచ్చేస్తే నువ్వు మల్ల నా దగ్గరికి ఎందుకొస్తవ్?"

నవ్వుతూనే అన్నారు. కానీ నాకు అప్పుడు అర్థమైంది. మేమందరం కథల కోసం వస్తున్నామని ఆవిడ అనుకుంటున్నారు. ఆవిడ కోసమే వస్తామని చెప్పాను. "ఊరికే అంటవ్," అన్నారు. తరవాతి కథ తరవాతి వారానికే.

పోయిన చలికాలం ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. కూతురు సెలవు పెట్టి వచ్చి జాన్సన్‌విల్‌లోనే ఉండిపోయింది. నేను వెళ్ళినప్పుడల్లా రగ్గు మీంచి ఒక బ్యాడ్జీ తీసి ఆవిడ ముందు పెట్టేదాన్ని. కళ్ళు వెలిగేవి, పెదాలు కదిలేవి. కథంతా అక్కడే ఉందని తెలుస్తూనే ఉండేది. బయటికి మాత్రం ఒక్క అక్షరం వచ్చేది కాదు. మా ఇద్దరికీ అది నరకం.

కథలో చిన్న తప్పు దొర్లినా ఒప్పుకునే మనిషి కాదు ఆవిడ. "చెప్తే సక్కగ చెప్పు," అని మొదటి నుంచీ చెప్పించేవారు. అందుకని ఒకరోజు కావాలనే టీచరమ్మ కథ తప్పు చెప్పాను. జబ్బ బదులు కాలు విరిగిందన్నాను, బస్సు బదులు రైలన్నాను. కోపమైనా వస్తుందని, ఆ కోపంలో ఒక్క మాటైనా ఊడిపడుతుందని ఆశ. ఆంటీ అంతా విన్నారు. ఎడం చేత్తో నా చెంప నిమిరారు. తప్పు దిద్దలేదు. ఆ రోజే నాకు ఆవిడ లేకుండా పోయారు.

చర్చిలో ప్రార్థన, సమాధి అన్నీ అయ్యాక, మొన్న శనివారం వాళ్ళమ్మాయీ నేనూ రగ్గు దించాం. బ్యాడ్జీలను మ్యూజియానికి ఇద్దామనుకున్నాం. ఏది ఎవరు పెట్టుకున్నారో తెలిసినంతవరకు చెప్పమన్నారు వాళ్ళు. తెలిసినవి ఒక కుప్ప, తెలియనివి ఒక కుప్ప పెట్టాం. తెలిసిన కుప్ప ఒక సాసరులో పట్టింది. రెండో కుప్ప బల్లంతా పరుచుకుంది. ఆవిడ లెక్కలో అవన్నీ ఇప్పుడు సోడా మూతలే. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. చెప్పి పోవచ్చు కదా అని, చచ్చిపోయిన మనిషి మీద కోపం. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

వాళ్ళమ్మాయి లోపలికెళ్ళి, పాత బట్టలు దానంగా తీసుకునే ఆప్ షాపుకు ఇద్దామని కట్టిన బట్టల్లోంచి ఆంటీ కోటు తెచ్చింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, తెలుగు సగం సగం వస్తుంది.

"స్కూలుకి ఇది వేసుకుని వచ్చేది మమ్మీ. నాకు సో ఎంబరాసింగ్," అంది. ఎడమ వైపు రొమ్ము దగ్గర వేలితో తడిమి, రెండో కుప్ప వంక చూసింది. "అక్కా, మమ్మీ పెట్టుకుంది కదా. అన్నీ. ఎవరో మనకి తెలుసు."

కోటును కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. గుండె ఉండే చోట గుడ్డ పిన్ను పోట్లతో జల్లెడలా అయిపోయి ఉంది. సన్న సన్న చిల్లుల్లోంచి మధ్యాహ్నపు వెలుతురు లోపలికి వస్తోంది.