మనోళ్లే కదా అని తిప్పిన స్క్రీన్

ఏళ్లుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క కాదు, ధైర్యం లేక. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ముందే ఒక మాట. నన్ను ఓదార్చకండి. ఓదార్పు అంటేనే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖాన కౌంటర్ దగ్గర పని నాది. వచ్చినవాళ్ల పేర్లు ఎక్కించడం, డాక్టరు గదికి పంపడం, రిపోర్టులు చేతికివ్వడం. మా వైపు ఎవరైనా మంచాన పడితే వెళ్లి చూసి రావడం మర్యాద. బ్రెడ్డు ప్యాకెట్టో, యాపిల్ పండ్లో పట్టుకుని వస్తారు. నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చి ఏమైందట అని అడుగుతారు. చెప్పకపోతే పొగరంటారు. మనోళ్లే అన్నారంటే చాలు, రూము నంబరుతో పాటు రోగం కూడా చెప్పేసేవాళ్లం. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ లేకపోలేదు. అది డాక్టరు పేరే, మా అందరికీ అదొక్కటే. నిజానికి మా దవాఖాన పాస్‌వర్డ్ "మనోళ్లే" అన్న మాట.

ఆమెను ఎల్లవ్వ అనుకుందాం. అసలు పేరు చెప్పను, కనీసం ఇప్పుడైనా. కొమురవెల్లిలో మల్లన్న గుడికి పోయే దారిలో ఒక షట్టర్ కిరాయికి తీసుకుని చిన్న హోటల్ నడిపేది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా వచ్చే భక్తుల మీదే ఏడాదంతా ఇల్లు గడవాలి. ఎంతకూ తగ్గని దగ్గుతో మా దగ్గరికి వచ్చింది. టీబీ అని తేలింది. వెంట తోటికోడలు ఒక్కతే వచ్చింది. ఆ ఇద్దరూ సొంత అక్కాచెల్లెళ్లలా ఉండేవాళ్లు. మందులు మొదలైన రోజుల్లో హోటల్ పొయ్యి దగ్గర ఆ తోటికోడలే నిలబడింది. అడిగినవాళ్లందరికీ అక్కకు నడుము నొప్పని చెప్పింది. ఎల్లవ్వ మొదటి రోజే నా చెయ్యి పట్టుకుని, "చెల్లే, బయటికి పొక్కనియ్యకు. వండిపెట్టి బతికేటోళ్లం" అంది. సరేనన్నాను.

మందులు ఒక్క పూట మానకుండా వాడింది. నయమైంది. ఆ మాట డాక్టరే కంప్యూటర్‌లో ఎక్కించాడు.

సీజన్‌కు ముందు ఆ షట్టర్ ఓనర్ షుగర్ పరీక్షకు వచ్చాడు. మా అమ్మ తరఫు చుట్టం, నాకు వరసకు మామ. రిపోర్టు వచ్చేదాకా కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి కబుర్లు మొదలుపెట్టాడు. "ఎల్లవ్వ మీ దవాఖానకే తిరిగిందట గద బిడ్డా. నడుము నొప్పంటే నమ్మాల్నా? ఏందో చెప్పు, మనోళ్లమే గద" అన్నాడు.

నేను చెప్పలేదు. నోటితో చెప్పలేదు కదా అన్నది ఇన్నేళ్లూ నాకు నేను వినిపించుకున్న సిగ్గుమాలిన సాకు. ఆమె పేరు కొట్టి స్క్రీన్ అతని వైపు తిప్పాను. మొదటి రోజు రాసింది కనిపిస్తోంది. కాస్త కిందికి జరిపితే నయమైందని ఉంది. జరపలేదు. ఎందుకు తిప్పాను? ఏమైనా ఇచ్చాడా? లేదు. భయపెట్టాడా? అదీ లేదు. ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసని చూపించుకోవాలనిపించింది. ఒక మనిషి నోటి దగ్గర కూడు తీయడానికి నాకు ఆ మాత్రం గొప్ప సరిపోయింది. ఛీ.

పండుగ రాకముందే షట్టర్ ఖాళీ చేయించాడు. ఆ లోపే గుడి దారిలో కొట్లన్నిటికీ రోగం పేరు తెలిసింది. నయమైందన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. మరో చోట జాగ అడిగితే ఎవరూ ఇవ్వలేదు.

ఎల్లవ్వ నా దగ్గరికే వచ్చింది. కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుంది.

"చెల్లే, నిజం చెప్పు. గీ ముచ్చట ఈడికెళ్లి బయటికి పోయిందా?"

"ఈడికెళ్లి ఎట్ల పోతది అక్కా? పేషెంట్ల సంగతి బయట చెప్పొద్దని మాకు రూలుంటది. అంత కంప్యూటర్ల ఉంటది, పాస్‌వర్డ్ ఉంటది."

"అయితే డాక్టర్ చెప్పలే, నువ్వు చెప్పలే. ఇగ తెలిసింది మా యారాలు ఒక్కదానికే."

యారాలని ఆమె అన్నది ఆ తోటికోడలినే. నేను తర్వాతి పేషెంటు పేరు పిలిచాను.

"నా నోట్లె మన్ను గొట్టింది" అని లేచి పోయింది.

చూశారా, రూలు నాకు ఎప్పుడు గుర్తొచ్చిందో? ఆమెను కాపాడాల్సిన పూట గుర్తు రాలేదు. నన్ను నేను కాపాడుకోవాల్సి వచ్చేసరికి అప్పజెప్పినట్టు నోట్లోంచి వచ్చింది. రోగికి అడ్డు నిలబడాల్సిన రూలును నాకు అడ్డు పెట్టుకున్నాను. ఆ మామ ఇప్పటికీ పెళ్లిళ్లలో కలుస్తాడు, బాగున్నవా బిడ్డా అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. అతని చెంప పగలగొట్టాలనిపిస్తుంది, మరుక్షణం ఎవరి చెంప అని నన్ను నేనే అడుగుతాను.

ఇప్పుడు మా దవాఖాన మారింది. ఏదో సర్టిఫికెట్ కావాలట, అందుకని ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు ఇచ్చారు, స్క్రీన్లు గోడ వైపు తిప్పారు, మీ వివరాలు మా దగ్గర భద్రం అని నా తల మీదే బోర్డు కొట్టారు. ఇన్నేళ్లు ఎటు పోయింది ఈ బుద్ధి? మనిషి కోసం రానిది సర్టిఫికెట్ కోసం వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు ఈ రూల్స్ నేర్పే పని ఎవరికిచ్చారో తెలుసా? నాకు. సీనియర్‌నట, నమ్మకస్తురాలినట. మనోళ్లే అని ఎవరన్నా నోరు విప్పొద్దు అని పాఠం చెబుతాను. చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు విని కూడా మర్నాడు డ్యూటీకి పోతున్నాను చూడండి, అదీ నా బతుకు.

ఇవాళ ఆ తోటికోడలు వచ్చింది. ఒక్కతే. కడుపులో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. మీ సంగతి ఎవరికి చెప్పమంటారు, ఎవరి నంబర్ ఎక్కించమంటారు అని పద్ధతి ప్రకారం అడిగాను. తడుముకోకుండా నంబర్ చెప్పింది. పేరు అడిగాను. ఎల్లవ్వ అసలు పేరు చెప్పి, చప్పున ఆగిపోయింది.

"వద్దులే చెల్లే, తీసెయ్యి. ఆమె నాతోని మాట్లాడది. నేనేం తప్పు జేసిన్నో నాకిప్పటికి తెల్వది."

నాకు తెలుసు. నోరు తెరిచాను. "రేపు పొద్దున ఏమీ తినకుండ రా అక్కా" అన్నాను.

నంబర్ తీసేశాను. రూలు మరి.

చెప్పింది ఆమె కాదు, నేను. ఈ మాట వినాల్సిన ఇద్దరూ ఇంకా వినలేదు, మీరు విన్నారు. దీంతో నా తప్పు వీసమెత్తు తగ్గలేదని నాకు తెలుసు. కానీ అది నేనే అన్న మాట మొదటిసారి నా లోపలి నుంచి బయటికి వచ్చింది. కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ ఆపరేషన్ గది బయట కుర్చీ మాత్రం రేపు ఖాళీగానే ఉంటుంది.