తాడు కోయని మేస్త్రి

సౌదీలోని దమ్మామ్‌లో నాతో ఒకే గదిలో ఉన్న తాపీమేస్త్రి తాడు కోసేవాడు కాదు. వచ్చే వారం ఎగ్జిట్ వీసా కొట్టిస్తానని, మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని కఫీల్ అన్నప్పుడల్లా ఆయన అట్టపెట్టెలో బట్టలూ పాలపొడి డబ్బాలూ సర్ది, నైలాన్ తాడుతో బిగించి, పైన తన పేరూ ఊరూ రాసేవాడు. వారం గడిచేది. కఫీల్ ఫోనెత్తేవాడు కాదు. ఎగ్జిట్ పడనిదే ఈ దేశం దాటలేం కదా. కట్టుకునే లుంగీలు కూడా పెట్టెలోనే ఉండిపోవడంతో, ఆయన పెట్టె ముందు కూర్చుని ముడులన్నీ పళ్లతో విప్పుకునేవాడు.

"కోసెయ్యరాదు కాకా?" అంటే, "మళ్ల కట్టాలె గదరా" అనేవాడు. ఆ నమ్మకం చూస్తే నాకు కఫీల్ కంటే ఆయన మీదే ఎక్కువ ఒళ్లు మండేది.

ఒక శుక్రవారం, పెట్టె కట్టి ఉండగానే, ఊరి నుంచి ఆయన కూతురు వీడియో కాల్ చేసింది. బళ్లో ఒక మాటకు సొంతవాక్యం రాసుకురమ్మన్నారట.

"బాపూ, నిస్పృహ అంటే ఏంది?"

"ఎన్నిమాట్ల జూసినా కాకపోతే, ఇగ కాదని మనసు ఇరుగుడు బిడ్డా."

ఆ పిల్ల కాసేపు రాసుకుని, గట్టిగా చదివింది.

"నాన్న వస్తున్నానని చెప్పిన ప్రతిసారీ అమ్మ నిస్పృహతో నవ్వుతుంది."



"మంచిగున్నది బిడ్డా. సారు మార్కులేస్తడు" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

స్నానానికి లేచినప్పుడు మళ్లీ లుంగీ కావలసి వచ్చింది. ఈసారి ఆయన పెట్టె ముందు కూర్చోలేదు. వంటగదిలోకి వెళ్లి, ఉల్లిగడ్డలు కోసే కత్తి తెచ్చాడు.