ఆస్మక్క మింగిన ఆరుగురు

నరసరావుపేట ఆస్మక్క ఆరుగురు మగవాళ్లను ఒక్క గుటకలో మింగేసింది. అందులో నేనూ ఉన్నాను. నమ్మనివాళ్లు నకరికల్లు దాకా రండి, మా పత్తి మిల్లు గేటు గదిలో ఆమె నిలబడ్డ చోటు చూపిస్తాను.

కాలిన మోటార్లకు తీగ చుట్టే కరీముల్లా గారి కూతురామె. పీహెచ్‌డీ చేస్తోంది. ఫ్యాక్టరీలోకి కొత్త మిషను వస్తే పని ఆఫీసు చెప్పినట్టు సాగుతుందా, పనివాళ్లు అనుకున్నట్టు సాగుతుందా అన్నది తేల్చాలట. డిగ్రీ రెండో ఏడాదిలోనే కాలేజీకి దండం పెట్టిన నేను ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేశాను. ఆమె మాత్రం తొమ్మిది నెలలు పత్తి బేళ్ల పక్కన స్టూలు వేసుకుని పుస్తకంలో రాసింది.

పత్తిని బేళ్లుగా నొక్కే మా కొత్త ప్రెస్సుకు ఎర్ర లైటు వెలిగితే పని ఆపి ఆఫీసుకు కబురు పెట్టాలి. అదీ రూలు. ఆఫీసు మనిషి వచ్చేసరికి పూట గడిచిపోతుంది. అందుకని మేం లైటు మీద గోనెగుడ్డ కప్పి పని నడిపేవాళ్లం. అరవై మందిలో ఆరుగురం ఆమెకు ఈ గుట్టు విప్పాం. పుస్తకంలో మా పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో ఆఖరి పేజీలో ఉంటుంది.

గుడ్డ సంగతీ పేజీ సంగతీ టీకొట్టు దగ్గర ఎవరో వాగారు. వాగింది నేనే.

మర్నాడు మేనేజరు సుధీర్ బాబు ఆమెను గేటు గదిలో ఆపాడు. నూట డెబ్బై కిలోల బేలును ఒంటిచేత్తో ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే గుమ్మం బయట ఆగిపోయాను.

“పుస్తకం ఇటియ్యమ్మా. లైటుకి ముసుగేసే మొనగాళ్లెవరో చూసి రేపట్నించి రావద్దంటా.”

“పేర్లు బయటపెట్టనని మాటిచ్చాను సార్.”

“తొమ్మిది నెలలు ఇక్కడ కూర్చున్నట్టు సంతకం పెట్టేది నేనా, నీ మాటా?”

ఆ సంతకం లేకపోతే యూనివర్సిటీలో ఆ తొమ్మిది నెలలూ చెల్లవు. పేజీ ఇస్తే మా పని పోతుంది. ఇంట్లో నా భార్య ఝాన్సీకి నెలలు నిండాయి. ఆస్మక్క పుస్తకం తెరిచింది. ఇచ్చేస్తోందనుకున్నాను.

ఆఖరి పేజీ చర్రున చించి నోట్లో పెట్టుకుంది.

“ఏయ్! ఏంది నువ్వు చేసేది? ఉమ్మెయ్!”

ఆమె ఆయన కళ్లలోకే చూస్తూ నమిలింది. ఆడపిల్ల నోట్లో చెయ్యి పెట్టలేక ఆయన బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చివరికి మిగిలిన పుస్తకం లాక్కున్నాడు. సంతకం పెట్టలేదు.

మేం ఇంకా పనిలోనే ఉన్నాం. ఆమె ఎడ్లపాడు వైపు మరో మిల్లులో మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది. ఇది రాసి చూపిద్దామని అక్కడికి వెళ్లాను. స్టూలు మీద కూర్చుని మొత్తం చదివింది. నవ్వలేదు.

“మింగలేదురా కాలేబూ, గేటు దాటాక ఉమ్మేశా. ఆరుగురు కూడా కాదు, ఐదుగురే. నువ్వు చెప్పేవన్నీ కోతలని నీ పేరు రాసుకోలా.”